వినకుండా లాక్కునే లైసెన్సు: విచారణ అంటే దయ కాదు, హక్కు



పోయిన నెల మన గ్రూపులో ఒక మాట వచ్చింది. లైసెన్సు సస్పెండు అయిన ఒక డ్రైవరు తమ్ముడికి సంఘం తరపున సాయం చేయాలా వద్దా అని. కొందరు "తప్పు చేసినవాడికి సాయమేంటి, మూడు నెలలు ఇంట్లో కూర్చుంటే బుద్ధి వస్తుంది" అన్నారు. ఇంకొందరు "ఆర్టీవో ఆఫీసులో మనవాళ్ళు ఎవరైనా ఉన్నారా, ఒక మాట చెప్పిస్తే పని అయిపోతుంది" అన్నారు. ఈ రెండు మాటలూ తప్పే అని మేము అంటున్నాము. కొంచెం పెద్ద జాబే అవుతుంది, ఓపికగా చదవండి.

మొదటివాళ్ళు విచారణ జరగక ముందే తీర్పు చెప్పేస్తున్నారు. రెండోవాళ్ళకు విచారణే అక్కర లేదు, సిఫారసు చాలు. ఇద్దరికీ గుర్తు లేని సంగతి ఒకటే. లైసెన్సు తీసుకునే ముందు ఆ మనిషి చెప్పేది వినాలని చట్టం రాసిపెట్టింది. అది అధికారి ఇష్టం కాదు, పెద్దమనసు కాదు. రాసిపెట్టిన షరతు. ఆ షరతును ఆఫీసులు మొక్కుబడిగా తీర్చేస్తున్నాయి. మనవాళ్ళేమో దాన్ని అడగడమే మానేశారు.

ఎవరి బతుకు గురించి మాట్లాడుతున్నాము

మన కుటుంబాలలో స్టీరింగు పట్టుకుని బతికే ఇళ్ళు ఎన్నో చూడండి. హోసూరు, కృష్ణగిరి, సేలం, కోయంబత్తూరు వైపు లారీ, టెంపో, కాల్ టాక్సీ, స్కూలు వ్యాను, ఊరి బస్సు. మన వాళ్ళే షోలాపూరులో, భివండిలో, బళ్ళారిలో, బరంపురంలో, రాయగడలో, యానాంలో ఇదే పనిలో ఉన్నారు. ఇంట్లో తెలుగు, రోడ్డు మీద ఆ రాష్ట్రం భాష, కాగితం మీద ఇంకో రకం భాష.

ఆఫీసు ఉద్యోగికి లైసెన్సు మూడు నెలలు పోతే బస్సులో పోతాడు. మనవాడికి పోతే జీతం పోతుంది. ఓనరు బండిని మూడు నెలలు షెడ్డులో పెట్టడు. నాలుగో రోజే ఇంకొకడు ఆ సీటులో కూర్చుంటాడు. మూడు నెలలు అయినాక లైసెన్సు తిరిగి వస్తుంది, సీటు తిరిగి రాదు. చీటీ కట్టాలి, వడ్డీ కట్టాలి, పిల్లల ఫీజు కట్టాలి. అందుకే దీన్ని చిన్న కార్డు ముక్క అని అనుకోకండి. ఆ కార్డు ఒక కుటుంబం రేషను కార్డుకంటే పెద్దది.

చట్టం ఏమంటుంది

మోటారు వాహనాల చట్టం 1988లో వచ్చింది. అందులో 19వ సెక్షను చదవండి. లైసెన్సింగు అధికారి ఒక మనిషిని అనర్హుడు అనాలన్నా, లైసెన్సు రద్దు చేయాలన్నా, ముందు ఆ మనిషికి చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. తరువాత ఆయన తృప్తి పడాలి. తరువాత కారణాలు రాతలో పెట్టాలి. ఈ మూడూ ఉంటేనే ఆర్డరు.

కారణాలు కూడా ఆ సెక్షనులోనే వరసగా ఉన్నాయి. ఎప్పుడూ తాగి ఉండేవాడు, మత్తుమందుకు అలవాటు పడినవాడు, నేరానికి బండి వాడినవాడు, ముందు నడిపిన తీరు చూస్తే జనానికి ప్రమాదం అనిపించేవాడు, మోసం చేసి లైసెన్సు తెచ్చుకున్నవాడు, ఇలా. 1989 కేంద్ర మోటారు వాహనాల రూల్సులో 21వ రూలు ఇంకో పట్టిక ఇస్తుంది. బండి దొంగతనం, ప్రయాణికుల మీద చేయి చేసుకోవడం, ఓవర్‌లోడు, స్పీడు మించడం, సరుకుల బండిలో మనుషులను ఎక్కించడం, తాగి నడపడం, నడుపుతూ సెల్‌ఫోను మాట్లాడడం, ఇవన్నీ అందులో ఉన్నాయి.

2019లో చట్టాన్ని సవరించారు. అప్పుడు 206వ సెక్షనులో నాలుగో ఉపసెక్షను చేర్చారు. స్పీడు, ప్రమాదకరంగా నడపడం, తాగి నడపడం, హెల్మెట్టు లేకపోవడం, ఆంబులెన్సుకు దారి ఇవ్వకపోవడం లాంటి కొన్ని నేరాలలో పోలీసు అధికారి లైసెన్సు తీసుకుని లైసెన్సింగు అధికారికి పంపవచ్చు. అలా వచ్చిన లైసెన్సు మీద ఏం చేయాలో 19(1ఏ) చెబుతుంది. ఇది మన డ్రైవర్లందరూ కంఠతా పట్టవలసినది. అధికారి ఆ మనిషి చెప్పేది విన్న తరువాత రెండు పనులలో ఒకటి చేయవచ్చు. ఒకటి, వదిలేయవచ్చు. రెండు, వివరమైన కారణాలు రాసి, మొదటిసారి అయితే మూడు నెలలు అనర్హుడు అనవచ్చు, రెండోసారి అయితే రద్దు చేయవచ్చు.

వదిలేయవచ్చు అని చట్టంలోనే ఉంది. ఎంత మందికి తెలుసు? పోలీసు పంపినాడు కాబట్టి మూడు నెలలు తప్పదు అని ఆఫీసు బయట అర్జీ రాసేవాడు చెబుతాడు. మనవాడు నమ్ముతాడు.

ఇంకో సంగతి. లైసెన్సు మీద ఉన్న అన్ని రకాల బండ్లకూ అనర్హత వేయాలని చట్టం బలవంతం చేయదు. అన్నీ లేదా కొన్ని తరగతులు అని అందులో ఉంది. ఒక ఉదాహరణ చూడండి. లారీ డ్రైవరు ఆదివారం పూట కోడికూర తేవడానికి హెల్మెట్టు లేకుండా స్కూటరు మీద పోయాడు, పట్టుబడ్డాడు. తప్పే. తల పగిలితే ఎవరు బాధ్యులు? 194డి సెక్షను ప్రకారం 1000 రూపాయల జరిమానా, దానితో పాటు మూడు నెలల అనర్హత మాట. జరిమానా కట్టాలి, అందులో వాదన లేదు. కానీ స్కూటరు తప్పుకు లారీ ఎందుకు ఆగాలి? లారీలో హెల్మెట్టు పెట్టుకోరు కదా! లైసెన్సు ఆర్టీవో దగ్గరికి వచ్చినప్పుడు "అనర్హత వేయాలని తమరు అనుకుంటే టూవీలరు తరగతికి మాత్రమే వేయండి, నా పొట్టకూడు లారీ మీద ఉంది" అని రాతపూర్వకంగా అడగవచ్చు. అడిగితే అధికారి దానికి జవాబు రాయవలసి వస్తుంది. అడగకపోతే అన్నింటికీ కలిపి ఒకే ముద్ర పడుతుంది. అడగనిదే అమ్మయినా పెట్టదు అంటారు. ఆర్టీవో అమ్మ కూడా కాదు.

విచారణ పేరుతో జరిగేది

ఇప్పుడు నిజంగా జరిగేది చూద్దాము. ఏ ఆఫీసు అని పేరు పెట్టము. ఒక్క ఆఫీసు సంగతి కూడా కాదు.

నోటీసు లైసెన్సులో ఉన్న పాత అడ్రసుకు పోతుంది. మనవాడు ఇల్లు మారి ఆరేళ్ళు అయి ఉంటుంది. వచ్చినా, తమిళనాడులో అయితే ఆఫీసు తమిళంలో ఉంటుంది. మేము తమిళ మీడియంలో చదివినవాళ్ళము, మాకే రెండుసార్లు చదివితే గానీ అర్థం కాని తమిళం అది. ఎనిమిదో తరగతితో ఆపేసిన డ్రైవరుకు ఏం అర్థమవుతుంది? దానిలో తేదీ ఒకటి కనబడుతుంది. ఆ తేదీకి పోతాడు. బయట బల్ల వేసుకుని కూర్చున్నవాడు 50 రూపాయలో 100 రూపాయలో తీసుకుని ఒక విన్నపం రాస్తాడు. అందులో ఏముంటుంది? "నేను చేసింది తప్పే, ఒప్పుకుంటున్నాను, కుటుంబ పరిస్థితి చూసి మన్నించండి." మనవాడు చదవకుండా సంతకం పెడతాడు. లోపల ఇచ్చి బయటికి వస్తాడు. అధికారి ముఖం కూడా చూడడు. కొన్ని రోజులకు ఆర్డరు వస్తుంది. అచ్చు వేసిన ఫారంలో ఖాళీలు నింపి ఉంటాయి. వివరణ తృప్తికరంగా లేదు, మూడు నెలలు. అంతే.

దీన్ని విచారణ అంటారా? ఏ వివరణ, ఎందుకు తృప్తికరంగా లేదు, అందులో ఒక్క ముక్క ఉండదు. వివరమైన కారణాలు రాయాలని పార్లమెంటు అంటే, ఆఫీసు ఒక అచ్చు వాక్యంతో తీర్చేసింది. పైగా మనవాడే తప్పు ఒప్పుకున్నట్టు ఫైలులో కాగితం ఉంది. రేపు అప్పీలుకు పోతే ఆ కాగితమే వాడి మెడకు చుట్టుకుంటుంది. డబ్బిచ్చి రాయించుకున్న ఉరితాడు అది.

రైల్వేతో పోల్చి చూడండి

మేము రైల్వే ఆఫీసులో ఏళ్ళ తరబడి ఇలాంటి ఫైళ్ళ మధ్యనే బతికినవాళ్ళము కాబట్టి ఈ తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. రైల్వే ఉద్యోగి మీద చర్య తీసుకోవాలంటే 1968 నాటి క్రమశిక్షణ, అప్పీలు రూల్సు ఉన్నాయి. పెద్ద శిక్ష అయితే ఎస్సెఫ్ 5, చిన్న శిక్ష అయితే ఎస్సెఫ్ 11 అని ఫారాలు. ఆరోపణ ఏమిటో రాతలో ఇవ్వాలి. ఏ కాగితాలను బట్టి ఆ ఆరోపణ చేశారో ఆ పట్టిక ఇవ్వాలి. జవాబుకు గడువు ఇవ్వాలి. పెద్ద కేసులో తన తరపున మాట్లాడడానికి తోటి ఉద్యోగిని సాయంగా తెచ్చుకోవచ్చు. చివర ఆర్డరులో కారణం ఉండాలి. దాన్ని మేము స్పీకింగ్ ఆర్డరు అనేవాళ్ళము, అంటే నోరున్న ఆర్డరు. దాని మీద 45 రోజుల లోపల అప్పీలు. ఉద్యోగి సస్పెండులో ఉన్నన్ని నాళ్ళు బతుకు భత్యం వస్తుంది.

ఎర్ర సిగ్నలు దాటిన రైలు డ్రైవరుకు కూడా ఎంక్వయిరీ ఉంటుంది. సిగ్నలు వెలిగిందా, బ్రేకు పనిచేసిందా, ఎన్ని గంటలు డ్యూటీలో ఉన్నాడు, అన్నీ చూస్తారు. వెయ్యి మంది ప్రాణాలు చేతిలో ఉన్నవాడికే ఆ పద్ధతి. రోడ్డు మీద ఎర్ర లైటు దాటాడన్న లారీ డ్రైవరుకు అందులో పదో వంతు పద్ధతి ఇస్తే ఏమైంది? వాడికి బతుకు భత్యం లేదు, యూనియను లేదు, పై అధికారి లేడు. ఏ రక్షణా లేనివాడికి ఎక్కువ జాగ్రత్త చూపాలి. ఇక్కడ తలకిందులుగా ఉంది.

"రోడ్డు మీద జనం చస్తున్నారు, మీకు డ్రైవర్ల మీద జాలా?"

ఈ ప్రశ్న వస్తుందని తెలుసు. న్యాయమైన ప్రశ్నే. దాటేసి పోము.

కేంద్ర రవాణా శాఖ లెక్క ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది చనిపోయారు. ప్రమాదాల సంఖ్యలో తమిళనాడే మొదటిది, 64,105. చనిపోయినవాళ్ళు 17,884 మంది. మన ఇళ్ళలో కూడా ఆ లెక్కలో చేరినవాళ్ళు ఉన్నారు. రోడ్డు భద్రత మీద సుప్రీంకోర్టులో పెద్ద కేసు వేసినవారు కూడా మన కోయంబత్తూరు ఎముకల డాక్టరు ఎస్. రాజశేఖరన్ గారే. 2012 నాటి ఆ కేసులోనే సుప్రీంకోర్టు జస్టిస్ కె.ఎస్. రాధాకృష్ణన్ కమిటీని వేసింది. 2015లో ఆ కమిటీ రాష్ట్రాలకు రాసింది. స్పీడు, ఎర్ర లైటు దాటడం, ఓవర్‌లోడు, సరుకుల బండిలో మనుషులు, తాగి నడపడం, సెల్‌ఫోను, వీటికి కనీసం మూడు నెలలు లైసెన్సు సస్పెండు చేయమని. విరిగిన ఎముకలను రోజూ చూసే డాక్టరు కోపం మాకు అర్థమవుతుంది. ఆ కమిటీ ఉద్దేశాన్ని మేము తప్పు పట్టము.

కానీ ఒక్కటి గమనించండి. ఆ కమిటీ కూడా 19వ సెక్షను, 21వ రూలు కిందనే చర్య తీసుకోమంది. 19వ సెక్షను అంటే వినడం అందులోనే ఉంది. విన్న తరువాత తప్పు తేలితే మూడు నెలలు వేయండి. వినకుండానే వేయమని ఏ కమిటీ చెప్పలేదు. కింది ఆఫీసులో మాత్రం "పైనుంచి ఆర్డరు, మా చేతిలో ఏమీ లేదు" అంటారు. చేతిలో ఏమీ లేకపోతే నోటీసు ఎందుకు పంపినట్టు? తేదీ ఎందుకు ఇచ్చినట్టు?

విచారణ అంటే డ్రైవరును వదిలేయడం అని కొందరు అనుకుంటున్నారు. కాదు. ప్రమాదకరమైన డ్రైవరు ఎవడు, ఇరుక్కుపోయినవాడు ఎవడు అని వేరు చేసే పని విచారణ. ఆ పని సరిగా చేయని ఆఫీసు మంచివాడికి చేసే అన్యాయం ఒకటి, చెడ్డవాడికి చేసే మేలు ఇంకొకటి. అచ్చు ఫారం ఆర్డరును హైకోర్టులో రిట్టు వేసి కొట్టించుకోవడం డబ్బున్నవాడికి సులభం. కారణాలు లేని ఆర్డరు అక్కడ నిలబడదు. అప్పుడు నిజంగా తాగి నడిపినవాడు తిరిగి రోడ్డు మీదికి వస్తాడు. డబ్బు లేని లారీ డ్రైవరు ఇంట్లో కూర్చుంటాడు. రోడ్డు భద్రత కోరేవాళ్ళే ముందు సరైన విచారణ కావాలని అడగాలి.

తాగి నడిపినవాడి కోసం మేము ఈ మాటలు రాయడం లేదు. అది స్పష్టంగా చెబుతున్నాము. తాగి స్టీరింగు పట్టినవాడి కోసం సంఘం లెటర్‌హెడ్డు మీద ఒక్క అక్షరం కూడా రాయకూడదు. మన కులం, మన ఊరు, మన భాష అని మొహమాట పడకూడదు. వాడికి కూడా విచారణ హక్కు ఉంది, వాడే పోయి చెప్పుకుంటాడు. అందరికీ ఒకే ఏడుపు ఏడిస్తే రేపు నిజమైనవాడికోసం పోయినప్పుడు మన మాటకు విలువ ఉండదు.

ఎఫ్ఐఆర్ తీర్పు కాదు

అన్నిటికన్నా పెద్ద అన్యాయం ప్రాణం పోయిన ప్రమాదాలలో జరుగుతుంది. పెద్ద బండికీ చిన్న బండికీ తగిలితే కేసు పెద్ద బండి మీద. అది మన దేశంలో రాయని చట్టం. చీకటిలో వెనక దీపం లేని ట్రాక్టరు ఉన్నా, రాంగ్ సైడులో బైకు వచ్చినా, ఎఫ్ఐఆర్‌లో లారీ డ్రైవరు పేరే. ఆ ఎఫ్ఐఆర్ చూపించి లైసెన్సు సస్పెండు. కేసు కోర్టులో తేలడానికి ఏళ్ళు పడుతుంది. నిర్దోషి అని తేలినా పోయిన నెలల జీతం ఎవరిస్తారు?

ఇక్కడ చట్టాన్నే అడుగుదాము. 21వ సెక్షను ఒకటుంది. ప్రమాదకరంగా నడిపి మనిషి చనిపోయాడని, లేదా తీవ్రంగా గాయపడ్డాడని పోలీసు కేసు రాసిన రోజు నుంచే లైసెన్సు ఆరు నెలలు దానంతట అది సస్పెండు అయ్యే ఏర్పాటు అది. కానీ ఎవరికి? 184వ సెక్షను కింద, అంటే ప్రమాదకరంగా నడిపినందుకు, ముందే ఒకసారి శిక్ష పడినవాడికి. అలాంటివాడు మధ్యలో నిర్దోషిగా బయటపడితే ఆ రోజుతో సస్పెన్షను పోతుంది. అది కూడా ఆ తరగతి బండికే.

దీని అర్థం ఏమిటి? కేసు రాసినంత మాత్రాన లైసెన్సు ఆగాలని పార్లమెంటు అనుకున్న చోట ఆ మాట రాసింది. అది పాత నేరస్తుడికి రాసింది. 20 ఏళ్ళు ఒక గీత కూడా పడకుండా నడిపినవాడికి రాయలేదు. వాడి విషయంలో 19వ సెక్షను దారిలోనే పోవాలి. అంటే వినాలి, వాడు ముందు నడిపిన తీరు చూడాలి, కారణం రాయాలి. ఎఫ్ఐఆర్ కాపీని పిన్ను కొట్టి ఆర్డరు వేయడం అంటే, ఇద్దరినీ ఒకే గాటికి కట్టడం.

ఇంకో గందరగోళం. రోడ్డు మీద పోలీసు "నీ లైసెన్సు సస్పెండు చేస్తున్నా" అంటాడు. 2022లో కలకత్తా హైకోర్టు ఈ విషయం విడదీసి చెప్పింది. పోలీసు లైసెన్సును స్వాధీనం చేసుకుని పంపవచ్చు. సస్పెండు చేసే, రద్దు చేసే అధికారం లైసెన్సింగు అధికారిదే. స్వాధీనం చేసుకుంటే రసీదు ఇవ్వాలని 206వ సెక్షనులోనే ఉంది. రసీదు అడగండి. గట్టిగా, మర్యాదగా అడగండి.

పాసుపోర్టుకు ఒక నీతి, లైసెన్సుకు ఒక నీతా?

1977లో మేనకా గాంధీ గారి పాసుపోర్టును సర్కారు తీసుకుంది. కారణం చెప్పమంటే ప్రజల మేలు కోసం చెప్పము అంది. 1978 జనవరిలో సుప్రీంకోర్టు ఏమంది? మనిషి స్వేచ్ఛను తీసే పద్ధతి న్యాయంగా ఉండాలి, ఆ మనిషి మాట వినకుండా తీసేయడం కుదరదు అంది. ఆ రోజు నుంచి ఈ రోజు వరకు దేశంలో ప్రతి లా కాలేజీలో చెప్పే మొదటి పాఠం అది. పెద్దింటి మనిషి విదేశానికి పోయే కాగితానికి ఆ న్యాయం. మనవాడు సేలం నుంచి సరుకు వేసుకుని పోయే కాగితానికి న్యాయం లేదా? పాసుపోర్టు లేకపోతే ప్రయాణం ఆగుతుంది. ఇది లేకపోతే పొయ్యి ఆగుతుంది.

సిఫారసు రోగం

ఇక మన సంఘాల సంగతి. చెప్పకపోతే ఈ జాబు సగమే. మన సంఘాలకు పెళ్ళి సంబంధాల పట్టిక ఉంది, ఉగాది పండగకు కమిటీ ఉంది, కల్యాణ మండపానికి చందా పుస్తకం ఉంది. ఒక సభ్యుడి ఇంటికి గవర్నమెంటు నోటీసు వస్తే చదివి చెప్పే మనిషి లేడు. నోటీసు రాగానే మన పెద్దలు కొందరు మొదట అడిగే ప్రశ్న "అందులో ఏముంది?" అని కాదు, "అక్కడ మనకు ఎవరు తెలుసు?" అని.

తెలిసినవాడి ద్వారా పని చేయించుకుంటే ఏమవుతుంది? ఒకరి పని అవుతుంది. ఆర్డరు ఉండదు, రాత ఉండదు, రేపు వచ్చేవాడికి దారి ఉండదు. ఆ తెలిసినవాడు బదిలీ అయితే కథ మళ్ళీ మొదలు. హక్కుగా అడిగితే ఆఫీసుకు అలవాటు అవుతుంది. సిఫారసుగా అడిగితే ఆఫీసుకు రుచి అవుతుంది. భాష తక్కువమంది మాట్లాడే చోట బతికే మనలాంటివాళ్ళకు సిఫారసు ఎప్పటికీ పెద్ద బలం కాదు. ఆ ఆటలో మనకంటే పెద్ద గుంపులు ఉన్నాయి. మన బలం కాగితం. దేశంలో గానీ ఆ రాష్ట్రంలో గానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఏ అధికారికైనా విన్నపం పెట్టుకోవచ్చని రాజ్యాంగం 350వ అధికరణం చెబుతుంది. తమిళం రాయగలిగితే తమిళంలో రాయండి, ఒడియా రాయగలిగితే ఒడియాలో రాయండి, పని త్వరగా అవుతుంది. రెండూ రాకపోతే తెలుగులో రాసినా తోసేయడానికి వాళ్ళకు హక్కు లేదు.

చేయవలసినది

డ్రైవర్లకు చెప్పేది ఇది. లైసెన్సులో అడ్రసు, సెల్ నంబరు ఇప్పుడే సరిచేసుకోండి. నోటీసు వస్తే దాచిపెట్టకండి. ఏ రోజు చేతికి వచ్చిందో దాని మీదే రాసుకోండి. జవాబు రాతలో ఇవ్వండి, కాపీ మీద ముద్ర వేయించుకోండి. చలాను, ఫోటో, స్పీడు కొలిచిన వివరం, మీ మీద ఆధారపడిన కాగితాలన్నీ ఇవ్వమని అడగండి. నేరుగా అధికారి ముందు చెప్పుకోవాలి అని రాయండి. జరిగింది జరిగినట్టు చెప్పండి. తప్పు చేయకపోతే మన్నించమని రాయకండి. తప్పు చేసి ఉంటే అబద్ధం చెప్పకండి, ఇన్నేళ్ళు ప్రమాదం లేకుండా నడిపినది చూపించి, అనర్హత వేస్తే ఆ తరగతి బండికే వేయమని అడగండి. ఆర్డరు కాపీ తీసుకోండి. అది చేతికి వచ్చిన 30 రోజుల లోపల అప్పీలు ఉంది. రిఫ్రెషరు శిక్షణ పూర్తి చేస్తేనే కార్డు తిరిగి ఇస్తారని 2019 సవరణలో ఉంది కాబట్టి దాన్ని చివరి వారానికి పెట్టుకోకండి.

ఆర్డరు ఉన్నప్పుడు మాత్రం బండి ఎక్కకండి. ఓనరు "ఏం కాదు, రాత్రి పూట పో" అంటాడు. 182వ సెక్షను కింద 10,000 రూపాయల జరిమానా, మూడు నెలల వరకు జైలు ఉంది. దానికన్నా పెద్దది, ఆ రాత్రి ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు కంపెనీ చేతులెత్తేయడానికి చూస్తుంది. చనిపోయినవాడి కుటుంబం, మీ కుటుంబం, రెండూ వీధిలో పడతాయి.

సంఘానికి చెప్పేది. నెలకు ఒక ఆదివారం, రెండు గంటలు, ఒక బల్ల, రెండు కుర్చీలు చాలు. మన సభ్యులలో రిటైరైన గుమాస్తాలు, టీచర్లు, కోర్టు ఆఫీసులలో పనిచేసినవాళ్ళు ఉన్నారు. నోటీసు చదివి చెప్పడానికి, జవాబు రాసి ఇవ్వడానికి వకీలే కావాలని లేదు. అప్పీలు దాకా పోతే వకీలును చూద్దాము. లంచం మాట, సిఫారసు మాట ఆ బల్ల దగ్గర ఎత్తకూడదు. తాగి నడిపిన కేసు ఆ బల్ల మీదికి రాకూడదు. ఈ రెండు నియమాలతో మొదలుపెట్టండి. రాయడానికి మేము వస్తాము.

రవాణా శాఖను అడగవలసినవి నాలుగే. నోటీసుతో పాటే ఆధారాల కాపీలు ఇవ్వండి. ఆర్డరు మీద సంతకం పెట్టే అధికారే ఎదురుగా కూర్చుని వినండి. ఆ మనిషి ఏం చెప్పాడు, దాన్ని ఎందుకు నమ్మలేదు అని ఆర్డరులో నాలుగు వాక్యాలు రాయండి. అప్పీలు ఎవరికి, ఎన్ని రోజుల లోపల అని ఆర్డరు కిందనే అచ్చు వేయండి. వీటికి కొత్త చట్టం అక్కర లేదు, కొత్త ఖర్చు అక్కర లేదు. ఉన్న చట్టాన్ని ఆఫీసు చదివితే చాలు.

వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ నాలుగు అంశాలతో తీర్మానం పెట్టమని కార్యదర్శి గారిని కోరుతున్నాము. మా మాట నచ్చనివాళ్ళు అక్కడికే వచ్చి మాట్లాడండి. మీ మాట పూర్తిగా విన్న తరువాతే ఓటు వేద్దాము. విచారణ అంటే అదే.